ఆదివారం వచ్చిన అమావాస్య

మా ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా, ఎవరింట్లో తద్దినమైనా నాలుగు రోజులు ఆలస్యంగా నా దగ్గరికి కబురొచ్చేదని నేను వేళాకోళమాడేదాన్ని. పూర్తిగా అబద్ధం కాదు. వంటింటి నీళ్ళు, స్నానాల నీళ్ళు, హోటళ్ళ నీళ్ళు, మిల్లుల నీళ్ళు, ఊళ్ళో వాడి పారబోసినవన్నీ చివరికి నా చెరువుల్లోకే వచ్చి పడేవి. మునిసిపాలిటీలో కెమిస్టు ఉద్యోగం నాది. నా బల్ల, నా సీసాలు ఆఫీసు మేడమీద ఉండేవి గానీ, నేను మాత్రం ఎక్కువగా ఊరి చివర ఆ చెరువుల గట్టు మీదే ఉండేదాన్ని.

ఇప్పుడు అక్కడ చెరువులు లేవు. మట్టి పోసి పూడ్చారు, సున్నం కొట్టిన రాళ్ళు పాతారు, ఏదో నగర్ అని బోర్డు పెట్టారు. ఊరి మురుగు ఇప్పుడు ఇంకో దిక్కున మోటార్లతో నడిచే ప్లాంటుకి పోతోంది. మంచిదే, కాదనను. కానీ తణుకు వెళ్ళే బస్సు ఆ పక్కగా పోయేటప్పుడు మొహం అటు తిప్పి చూస్తాను, చూసి ఒళ్ళు మండి ఇటు తిప్పుకుంటాను. రేపు అక్కడెవరో ఇల్లు కట్టుకుని పెరట్లో కొబ్బరి మొక్క వేస్తారు. అదెందుకంత ఏపుగా పెరిగిందో వాళ్ళకి ఎప్పటికీ తెలియదు.

పుస్తకాల్లో వాటిని స్థిరీకరణ చెరువులంటారు. ఊళ్ళో అంత పెద్ద మాట ఎవరికి నోరు తిరుగుతుంది, అందరికీ మురుగు చెరువులే. మూడుండేవి, ఒకదాని తర్వాత ఒకటి. మొదటిది లోతు. నల్లగా, ఎప్పుడూ బుడగలేస్తూ ఉండేది, మడ్డి అంతా అక్కడే అడుగుకు దిగిపోయేది. రెండోది వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. అసలు పనంతా దానిదే. ఎండకి నీళ్ళలో కంటికానని నాచు పెరిగి ప్రాణవాయువు వదిలేది, దాన్ని పీల్చుకుని సూక్ష్మజీవులు మురుగును తినేసేవి. మూడోది నెమ్మదస్తురాలు. అందులో నీళ్ళు ఊరికే ఎండలో పడుండి, తేరుకుని, తూము దాటి, పొలాల మురుగునీటిని సముద్రంలోకి మోసే డ్రెయిన్‌లో కలిసేవి. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. ఎండ, గాలి, ఓపిక. మూడోదే నా దగ్గర లేదని మా ఆయన అనేవారు.

నేను చేపల చెరువు గట్టు మీద పుట్టి పెరిగినదాన్ని. అందుకే సీసాల్లో పరీక్షలు చేసినా చేయకపోయినా, పొద్దున్నే రెండో చెరువులో మోచేతి దాకా చెయ్యి ముంచేదాన్ని. మా నాన్న తన చెరువులో అలాగే చూసేవారు. మోచేయి మునిగేసరికి అరచెయ్యి పచ్చదనంలో మాయమైతే నీటి రంగు బాగున్నట్టు. ఆ చేత్తోనే టీ తాగుతుంటే ఆఫీసులో కుర్రకారు మొహాలు చిట్లించేవారు. కడుక్కునే తాగేదాన్నిలెండి, వాళ్ళకి చెప్పేదాన్ని కాదు.

మా అక్క ఊరు అదే డ్రెయిను వెంట ఇంకా కిందకి, పల్లంలో ఉంది. బావకి అక్కడ ఒక చేపల చెరువు. శీలావతి, బొచ్చె పెంచేవాడు. బావ గుండెపోటుతో పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. దినకర్మలు అయ్యీ అవకముందే అక్క మరిది, చెరువు తను చూసుకుంటానని బయల్దేరాడు. చెడ్డవాడని కాదు, నలుగురూ అనేదే అన్నాడు. ఆడమనిషివి, నీకెందుకు వదినా ఈ బురదలో పాట్లు, మాతోపాటే ఉండు, ఇంత తిను అన్నాడట. ఆ 'ఇంత తిను' అన్న మాట అక్కకి గుచ్చుకుంది. పెద్దల ముందే తేల్చి చెప్పింది. ఒక్క పంట నేను చేస్తాను, దక్కితే చెరువు నాది, చచ్చిందా నీది, నువ్వు పెట్టింది తిని నీ చూరు కిందే పడుంటాను అంది.

అనడమైతే అంది. ఆ మర్నాటి నుంచి నాకు రోజూ పొద్దున్నే ఫోను. ఏడాదిలో ఎక్కువ భాగం వాళ్ళ చెరువులకి కాలువ నీళ్ళే. ధవళేశ్వరంలో బయల్దేరిన నీళ్ళు వాళ్ళ ఊరి దాకా వచ్చేసరికి సన్నబడి, నీరసపడి వస్తాయి గానీ వస్తాయి. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. అప్పుడు ఇక డ్రెయినే దిక్కు. ఆ రోజుల్లో డ్రెయిన్‌లో పారేవి చాలావరకు నా మూడో చెరువు నుంచి వెళ్ళిన నీళ్ళే. అవి బాగుంటే అక్క చేపలు బతుకుతాయి. లేదంటే తెల్లారేసరికి అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని, మధ్యాహ్నానికి వెల్లకిలా తేలిపోతాయి. ఆ చేపలతోపాటే అక్క మాటా తేలిపోతుంది.

సరిగ్గా ఆ ఏడే నా చెరువుకి మాయరోగం పట్టుకుంది. నెలకోసారి, అమావాస్య వెళ్ళిన రెండు మూడు రోజులకి, రెండో చెరువు పచ్చదనం పోయి గులాబీ రంగుకి తిరిగేది. చూడ్డానికి రోజ్‌మిల్క్‌లా ఎంతో ముచ్చటగా ఉండేది. వాసన మాత్రం కుళ్ళిన గుడ్లే. పక్క కాలనీ వాళ్ళు ముక్కులు మూసుకుని కమిషనర్ గారి దగ్గరికి పోయేవారు, ఆయన నన్ను పిలిచి క్లాసు పీకేవారు. మళ్ళీ రంగు తేరుకునేసరికి పక్షం దాటిపోయేది. ఈలోపు మూడో చెరువు కూడా చేతులెత్తేసి, తూములోంచి నల్లటి నీళ్ళు పోయేవి. కాలువలు పారుతున్న రోజులు కాబట్టి అక్క డ్రెయిను తూము మూసుకుని గడిపేసింది. కాలువలు కడితే ఏం చేస్తుంది?

చెరువుల దగ్గర కాపలా ఉండే పెద్దాయన మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. ఆయ్, అమావాస్య గాలండి మేడమ్ గారూ, అని గేటుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. నేను తెంపి అవతల పారేశాను. మర్నాడు మళ్ళీ కట్టాడు. నిజం చెప్పొద్దూ, ఆ రెండోసారి నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అంతగా దిక్కుతోచని స్థితిలో ఉన్నాను మరి.

మాఘమాసం చివర, అమావాస్య ముందు రోజు మధ్యాహ్నం, మొదటి చెరువులోకి ఊరి నీళ్ళు పడే చోట నిలబడి ఉన్నాను. నీళ్ళు మీగడ రంగులో వస్తున్నాయి. చెయ్యి పెడితే వెచ్చగా తగిలాయి. పుల్లటి వాసన, అన్నం పులిసినట్టు. స్కూటీ తీసి ఆ కాలవ గట్టునే నీళ్ళకి ఎదురుగా పోయాను. అది తిన్నగా నన్ను మిల్లుల వీధికి తీసుకుపోయింది. అక్కడ కల్వర్టుల్లోంచి ఆవిరి లేస్తోంది. ఉప్పుడు బియ్యం మిల్లులన్నీ ఒకేసారి ధాన్యం నానబెట్టే తొట్లు ఖాళీ చేసి కడుగుతున్నాయి.

మా వైపు మిల్లు పనివాళ్ళకి, తాపీ పనివాళ్ళకి అమావాస్య సెలవు. ఆ రోజు మిల్లు తిరగదు. తిరగని రోజు నానిన నీళ్ళు తొట్లలో ఉంటే కంపు కొడతాయి, పైగా మర్నాడు బాయిలరుకి పూజ. అందుకని ముందు రోజు అన్ని మిల్లులూ ఉన్న నీళ్ళన్నీ ఊడ్చి వదిలేస్తాయి. ఇదివరకు మిల్లులు తక్కువ కాబట్టి చెరువు తట్టుకునేది, ఆ ఏడు కొత్తవి తోడయ్యాయి. అన్నాళ్ళూ ఎదురుగానే కనపడుతున్నది నాకప్పుడు గానీ వెలగలేదు. ఆ నీళ్ళలో ఉన్నదంతా గంజీ తవుడూ. అంతా ఒక్కసారి మీద పడితే రెండో చెరువులో ఉన్న కాస్త ప్రాణవాయువూ ఆ పూటే అయిపోతుంది. ఆ తర్వాత గులాబీ రంగు బాక్టీరియాదే రాజ్యం. గాలీ లేదు, దయ్యమూ లేదు.

ఎగురుకుంటూ మిల్లర్లలో పెద్దవారైన షావుకారు గారి దగ్గరికి వెళ్ళాను. తెల్లపంచె, నుదుట చిన్న బొట్టు, మాట మెత్తన. నాకు కాఫీ తెప్పించారు. నేను చెప్పిందంతా విని ఎంతో ఆశ్చర్యపోయారు.

"అవి బియ్యం నానిన నీళ్ళు కదండీ మేడమ్ గారూ. కుడితిలో పోస్తే గేదెలు తాగుతాయి. మురుగెలా అవుతాయండీ?"

ఆయనది తప్పనుకోవడం లేదు. మా అమ్మ కూడా బియ్యం కడిగిన నీళ్ళు ఏనాడూ పారబోయలేదు. మా వైపు పుట్టిన ఎవరికైనా ఆ నీళ్ళు మంచివే, బలమే. నేను ఆక్సిజన్ అన్నాను, లోడు అన్నాను, చేతులూపాను, గొంతు పెంచాను. ఆయన చిరునవ్వు చెక్కుచెదరలేదు. చదువుకున్నవారు, మీరు చెబితే తప్పక ఆలోచిస్తామండీ అన్నారు. ఆలోచిస్తాం అంటే మా ఊళ్ళో అర్థం వేరే చెప్పక్కర్లేదు. బయటికొచ్చి స్కూటీని ఒక్క తన్ను తన్నాను. స్టార్టయ్యింది, అదొక్కటీ నా మాట విన్నది ఆ రోజు.

జరిగింది ఫోన్లో అక్కకి చెప్పాను. ఊఁ కొట్టి పెట్టేసింది. మర్నాడు అమావాస్య కాబట్టి ఆగి, ఆ పై రోజు పొద్దున్నే బస్సు దిగింది. గంజి పెట్టిన నేత చీర, చేతిలో సంచి. ఆ షావుకారు గారిల్లు చూపించవే అంది. నువ్వెందుకు, నేను చెప్పాను కదా అన్నాను. నీ చెప్పడం నాకు తెలుసులే, పద అంది.

షావుకారు గారు మాకిద్దరికీ కుర్చీలు వేయించారు. అక్క కూర్చోలేదు. తను ఎవరో, బావ ఎలా పోయాడో, మరిదితో ఏం పందెం పడిందో, మూడు ముక్కల్లో చెప్పింది. తర్వాత అడిగింది.

"నేను నా చేపలకి తవుడు రోజూ పెడతానండి. మంచిదే కదా అని నెల్లాళ్ళ తవుడూ ఒక్క పూటే పోస్తే తెల్లారేసరికి చస్తాయండి. మా చెల్లి చెరువూ అంతేనండి. మీరు పోసేది మంచిదే. ఒక్కసారే పొయ్యకండి."

షావుకారు గారు సరేనని తలూపారు. తర్వాత, ఇలా చెబితే బాగుండేది కదమ్మా మీరూ, అన్నట్టు నావైపు చూశారు. నాకు ఉడుకుమోత్తనం వచ్చింది. నేను చెప్పిందీ అదే. కాకపోతే మా అక్క వడ్డించి చెప్పింది. ఆ మాటే దారిలో అంటే, నీకు చిన్నప్పటి నుంచీ వడ్డించడం ఎక్కడొచ్చే, అని నవ్వింది. బావ పోయాక అది నవ్వడం నేను చూసింది అదే మొదలు. ఆ నవ్వు కోసం ఇంకో పదిసార్లు ఓడిపోవడానికైనా నాకు అభ్యంతరం లేదు.

షావుకారు గారు ఒప్పుకుంటే మిగతా మిల్లులు ఒప్పుకున్నట్టే. ప్రతి మిల్లు పెరట్లో ఒక గుంట తవ్వించారు. తొట్లు ఖాళీ చేసిన నీళ్ళు గుంటలోకి పోతాయి. గుంట కింద వాల్వు కొంచెమే తెరిచి, నాలుగైదు రోజుల పాటు సన్నగా వదలాలి. ఇక్కడో చిక్కుంది. సన్నగా వదిలితే ఊక అడ్డం పడి మూసుకుపోతుంది. మనిషి పక్కన కూర్చుని మధ్యమధ్య కర్రతో పొడవాలి. అమావాస్య రోజు ఎవరు కూర్చుంటారు?

ఆ చిక్కు విప్పింది ఒక మిల్లులో మేస్త్రి. లూథరన్ గుడిలో, అంటే చర్చిలో, సంఘ పెద్ద ఆయన. ఆ మిల్లుల్లో సగం మంది వాళ్ళ గుడి వాళ్ళే. ఆయ్, అమావాస్య మాకేం పట్టింపు లేదండి, ఇన్నాళ్ళూ మిల్లు మూస్తున్నారని ఇంట్లో కూర్చున్నాం గానీ. అమావాస్య రోజు గుంటలు మేం చూసుకుంటాం, దానికి బదులు ఆదివారాలు మమ్మల్ని పిలవకండి, అన్నాడు. అందరికీ బాగుంది. ఇంత చక్కటి ఏర్పాటు నా సర్వీసులో నేను చూడలేదని కమిషనర్ గారికి కూడా చెప్పుకున్నాను.

ఉగాది ముందు వచ్చిన అమావాస్య వెళ్ళింది. నేను రోజూ పొద్దున్నే పరుగెత్తుకెళ్ళి చెయ్యి ముంచాను. పచ్చదనం కొంచెం పలచబడింది, అంతే, నాలుగో రోజుకి మళ్ళీ చిక్కబడింది. కాపలా పెద్దాయన తన నిమ్మకాయల మహిమ అన్నాడు. అలాగే అనుకో, అన్నాను. ఆ రోజు నేనెవరితోనూ పోట్లాడలేదు.

ఆ ధైర్యంతోనే అక్క తెగించింది. కాలువలు కట్టేస్తారనగా వాళ్ళ ఊళ్ళో చాలామంది భయపడి, చేపలు ఇంకా ఎదగకుండానే పట్టించి అమ్మేసుకున్నారు. మరిది కూడా పట్టించెయ్యి వదినా, ఉన్నంతలో బయటపడతావు అన్నాడు. పట్టించేస్తే పంట దక్కినట్టు కాదని అక్కకి తెలుసు. నన్ను అడిగింది, నీ నీళ్ళు ఉంటాయా అని. ఉంటాయన్నాను. అనేశాక నాకు మూడు రోజులు అన్నం సయించలేదు. సీసాలో లెక్క తప్పితే మళ్ళీ చెయ్యొచ్చు. ఇక్కడ తప్పితే మా అక్క ఇంకొకరి చూరు కింద, వాళ్ళు పెట్టింది తింటూ, వాళ్ళ మాట వింటూ బతకాలి. దాని సంగతి నాకు తెలుసు. అది తినదు, ఎండిపోతుంది.

కాలువలు కట్టేశారు. అక్క డ్రెయిను తూము ఎత్తింది. నా చెరువు నీళ్ళు దాని చెరువులోకి వెళ్ళడం మొదలయ్యాయి. దాళ్వా ధాన్యం మిల్లులకి చేరింది, ఉప్పుడు బియ్యానికి అదే సీజను. మిల్లులు రేయింబవళ్ళు తిరుగుతున్నాయి.

ఒక శుక్రవారం పొద్దున్న అక్క ఫోను చేసి, ఎప్పటిలా నీళ్ళ సంగతి అడగలేదు.

"ఏమే, ఈ అమావాస్య ఏ వారం వచ్చిందో చూసుకున్నావా?"

గోడ మీద క్యాలెండరు చూశాను. ఆదివారం. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, మాలో ఆ సంగతి ఆలోచించలేదు. అమావాస్యకి వీళ్ళు, ఆదివారానికి వాళ్ళు అని పంచుకుని చంకలు గుద్దుకున్నాం. రెండూ ఒకే రోజు వస్తే మిల్లులో పిట్ట కూడా ఉండదు. శనివారం సాయంత్రం ఇంటికి పోయేవాడు, రేపు ఎవరూ ఉండరు, మూసుకుపోతే గుంట పొర్లి ధాన్యం తడుస్తుందని వాల్వు బార్లా తెరిచి పోతాడు. తెరవకపోతే వాడిదే తప్పు. పైగా ఈసారి సీజను, నీళ్ళు మామూలుకి ఎన్నో రెట్లు.

మేస్త్రిని వెతుక్కుంటూ పోయాను. ఆయన తువ్వాలు భుజం మీంచి తీసి చేతుల్లో పట్టుకున్నాడు. ఇంకేదైనా అడగండమ్మా, ఆదివారం నా చేత వాల్వు తిప్పించకండి, అన్నాడు. ఒకరి అమావాస్యకి తలొంచి, ఇంకొకరి ఆదివారాన్ని పక్కకి నెట్టమనడం ఏం న్యాయం? అలాగేనండి అని వచ్చేశాను.

షావుకారు గారి దగ్గరికి వెళ్ళి ఈసారి మెల్లగా చెప్పాను. గొంతు పెంచడానికి కోపం ఉండాలి, అప్పుడు నాలో ఉన్నదంతా భయమే. ఆయన గదిలో వాళ్ళ నాన్నగారి పటం ఉంటుంది, రోజూ దండ మారుస్తారు. ఆ పటం వైపు చూస్తూ కూర్చున్నారు.

"అమావాస్య నాడు మిల్లు తిప్పొద్దని మా నాన్నగారు చెప్పారండి. ఆ మాట నేను దాటను. ఒకావిడ చేపలు చంపమని మాత్రం ఆయన చెప్పలేదు. తర్పణాలు అయ్యాక నేనే వచ్చి కూర్చుంటాను లెండి."

అని, నా ఎదురుగానే ఫోను తీసి మిగతా మిల్లర్లకి ఒక్కొక్కరికీ చెప్పారు. కొందరు నీళ్ళు నమిలారు. నేను కూర్చుంటున్నానయ్యా, అని ఊరుకున్నారాయన. అంతే, అందరూ సరేనన్నారు.

ఆ ఆదివారం మిల్లుల వీధిని నేను జన్మలో మర్చిపోను. పొగ లేదు, చప్పుడు లేదు. ఒక్కో మిల్లు పెరట్లో గుంట పక్కన ఒక్కో ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద తడి ఆరని జుట్టుతో, పట్టుపంచెతో ఒక్కో షావుకారు, చేతిలో వెదురుకర్ర. దారినపోయేవాళ్ళు గేట్లలోంచి తొంగి చూసి ముసిముసిగా నవ్వారు. చేపలు పడుతున్నారేంటండీ అని ఒకాయన పరాచికమాడితే, అవునండీ, పులస వస్తుందేమో చూస్తున్నాం అని మా షావుకారు గారు నింపాదిగా జవాబిచ్చారు. చేప వాసనే పడని ఇల్లు వాళ్ళది.

ఈసారి అమావాస్యని కూడా చూడకుండా అక్క పొద్దుటి బస్సుకే దిగింది. ఎండలు మండిపోతున్నాయని క్యాను నిండా మజ్జిగ, ఉప్పూ కరివేపాకూ వేసి తెచ్చింది. గుంట గుంటకీ తిరిగి అందరికీ గ్లాసుల్లో పోసింది. తాగినవాళ్ళందరితోనూ, ఇంకొంచెం సన్నగా తిప్పండి అన్నయ్య గారూ, అంటూ వరస కలిపేసింది. మజ్జిగ తాగి కాదనేవాడెవడు?

మధ్యాహ్నం పన్నెండు దాటాక షావుకారు గారి గుంట మూసుకుపోయింది. ఆయన పంచె ఎగ్గట్టి పొడుస్తున్నారు గానీ ఊక కదలడం లేదు. నీళ్ళు అంచు దాకా వచ్చాయి. అప్పుడే గుడి విడిచినట్టుంది, మేస్త్రి ఇస్త్రీ చొక్కాలో, చంకలో బైబిలుతో గేటు దగ్గర నిలబడ్డాడు. కాసేపు అక్కడే తటపటాయించాడు. తర్వాత వచ్చి, ఇంకో కుర్చీ లాక్కుని షావుకారు గారి పక్కన కూర్చున్నాడు.

"నేను ముట్టుకోనండి. ఎక్కడ పొడవాలో చెప్తాను, మీరు పొడవండి."

అలా ఇద్దరూ సాయంత్రం దాకా కూర్చున్నారు. కుడివైపండి, ఇంకొంచెం లోపలికండి, ఆఁ అదండి, అని ఈయన చెప్పడం, ఆయన పొడవడం. ఒకరి పట్టింపు ఒకరు చెడగొట్టలేదు. నేను గేటు దగ్గర నిలబడి చూస్తుంటే నా ఊరి మీద నాకు ముద్దొచ్చింది. ఎంతసేపూ వీళ్ళని తిట్టుకుంటూ బతికినదాన్ని. ఆ పూట మాత్రం ఒక్కొక్కరికీ దిష్టి తీయాలనిపించింది.

ఆ రాత్రి అక్క మా ఇంట్లో ఉండలేదు, చెరువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి రోజుల్లో నేనిక్కడ చెయ్యి ముంచడం, అదక్కడ తెల్లవారుతూనే గట్టు మీద నిలబడి నీళ్ళ వైపు చూడడం. రెండో చెరువు ఒకరోజు పలచబడింది, నా ప్రాణం పోయింది. ఇంకో రోజు అలాగే ఉంది. ఆ పై రోజు మళ్ళీ అరచెయ్యి కనపడకుండా పోయింది. పచ్చగా, చిక్కగా, నా చెరువు. గట్టు మీదే చతికిలబడి మా ఆయనకి ఫోను చేసి, ఏం లేదు, ఊరికే, అని పెట్టేశాను. అక్క చెరువులో ఒక్క చేప కూడా పైకి రాలేదు. వారం చూసి, మరిది తనంతట తనే వచ్చి, వదినా, మేత బస్తాలు నేను దింపిస్తానులే అన్నాడట. చెరువు నాకివ్వు అన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

జూన్‌లో కాలువలు వదిలారు. ఆ కబురు వినగానే సెలవు పెట్టి అక్క ఊరు వెళ్ళాను. ఊళ్ళో అందరి మొహాల్లోనూ వెలుగే. గట్ల వెంట ఎక్కడ చూసినా డ్రెయిను తూములు దించేసి, కాలువ తూములు ఎత్తుకుంటున్నారు. ఎంతైనా గోదావరి నీళ్ళు గోదావరి నీళ్ళే. అక్క చెరువు దగ్గరికి వెళ్ళేసరికి, అది తూము మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉంది. డ్రెయిను తూము ఇంకా ఎత్తే ఉంది. నా చెరువు నీళ్ళు దాని కాళ్ళ కింద నుంచి సన్నగా చెరువులోకి పోతున్నాయి.

కాలువొచ్చేసింది కదే, ఇంకా ఇదెందుకు, దించెయ్యి, అన్నాను. దించుతాలేవే, తొందరేముంది అంది. మంచినీళ్ళు పక్కనే పెట్టుకుని మురుగేంటే నీకు, పిచ్చా, అని కసిరాను. అది నా వైపు చూడలేదు. నీళ్ళ వైపే చూస్తూ చెప్పింది.

"మీ బావ పోయిన దగ్గర నుంచీ అందరూ నాకు ఏదో ఒకటి ఇస్తామంటూనే ఉన్నారు. ఇంత చోటు, ఇంత తిండి. నేను నోరు తెరిచి అడిగి తీసుకున్నది నీ దగ్గర ఈ నీళ్ళొక్కటేనే. ఇంకో రెండ్రోజులు రానీ."

నేను దాని పక్కన చోటు చేసుకుని కూర్చుని, గట్టు మీద నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాను.